బొటనవేలి కింద మాట

ఉస్తాద్ చనిపోయిన సంగతి నాకు నవ్వే బొమ్మలతో తెలిసింది. పోయిన వానాకాలం, కామారెడ్డిలో పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తుతుంటే జేబులో సెల్లు గుర్రుమంది. మా గ్రూపులో ఎవడో పెట్టాడు, "అబ్డేటు తాత ఇక లేడు" అని. ఆ మాట పక్కన ఒక ఏడుపు మొహం, దాని పక్కన రెండు నవ్వు మొహాలు. ఏది పెట్టాలో తేల్చుకోలేక రెండు రకాలూ పెట్టినట్టున్నాడు. కింద, సందర్భం వచ్చింది కదా అని, ఆ వీడియో.

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. 2013 ఎండాకాలంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా చేతిలో సెల్లు ఉన్నవాడెవడూ దాన్ని తప్పించుకోలేదు. ఒంటి మీద బనీనుతో కూర్చున్న ఒక పెద్దాయన, కళ్లద్దాలు జారకుండా తల వెనక నుంచి రబ్బరు బ్యాండు, చేతిలో స్క్రూడ్రైవరు. ఒక కొత్త సెల్లును ఎదురుగా పెట్టుకుని, పంచాయితీకి పిలిపించిన దొంగను నిలదీసినట్టు నిలదీస్తుంటాడు. ఆయన మాట అన్నప్పుడల్లా వెనక నుంచి జనం గొల్లున నవ్వుతారు. మీరూ నవ్వే ఉంటారు. మిమ్మల్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ఇందులోనే చెప్తాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, నా చెడ్డ పని ఒకటి చెప్పకుండా ఆ నాలుగూ రాసే దారి దొరకలేదు.

నేను మొదటిసారి ఎల్లారెడ్డి వెళ్లింది 2009లో, బకెట్టు నీళ్లలో పడి చచ్చిన సెల్లుతో. అప్పటికి కామారెడ్డిలో నేను సెల్లుల దుకాణం పెట్టి ఏడాది. కొత్త సెల్లంటే చెవి కోసుకునేవాణ్ణి. ఆ సెల్లు ఇంట్లో చెప్పకుండా తెప్పించుకున్నది కాబట్టి, పోయిందని కూడా చెప్పుకోలేని పరిస్థితి. మా ఊళ్లో మెకానిక్కులందరూ తల అడ్డంగా ఊపారు. ఒకడు మాత్రం, "ఎల్లారెడ్డి బస్టాండు ఎనుక రేడియోల ఉస్తాద్ అని ఒకాయన ఉంటడు. ఆయన తోటి కాకుంటే ఇగ దాన్ని మర్చిపో" అన్నాడు.

సెల్లును బియ్యం డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. ఇంటర్నెట్లో చదివిన వైద్యం. ఆయన డబ్బా మూత తీసి లోపలికి చూశాడు, నన్ను చూశాడు. "అన్నం ఒండాల్నా?" అన్నాడు.

తర్వాత ఆ సెల్లును విప్పి, ముక్కలన్నీ పాత పేపరు మీద వరసగా పరిచి, పైన బల్బు వెలిగించాడు. "నాలుగు గంటలు కూసో. నానినదాన్ని ఆరనియ్యాలె. ఊకె గెలుకుతే ఉన్నది గుడ పోతది" అన్నాడు. కూర్చున్నాను. సాయంత్రానికి సెల్లు వెలిగింది. అప్పటిదాకా నేను చదివిన సెల్లుల సంగతులన్నీ అట్టపెట్టె మీది రాతలేనని ఆ నాలుగు గంటల్లో నాకు తెలిసిపోయింది. లోపల ఏముంటుందో, ఎందుకుంటుందో, ఏది నిజంగా పనికొస్తుందో ఏది షోకుకు పెట్టారో ఆయన చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నాను.

ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం లింగంపేట మీదుగా బస్సెక్కి వెళ్లేవాణ్ణి. కొత్తగా ఏ సరుకు వచ్చినా ముందు ఆయనకు చూపించాల్సిందే. "ఏం కంప్యూటర్, ఇయ్యాల ఏం తెచ్చినవ్?" అనేవాడు. నాకు ఆయన పెట్టిన పేరు కంప్యూటర్. వస్తువు చేతిలోకి తీసుకునే ముందు రెండు చేతులూ లుంగీకి తుడుచుకునేవాడు. కళ్లు మెరిసేవి. కొత్త వస్తువంటే ఆయనకు పడదని వీడియో చూసినవాళ్లు అనుకుంటారు. శుద్ధ అబద్ధం. మా అందరికంటే ఆయనకే ఆశ ఎక్కువ. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు గానీ సర్క్యూటు బొమ్మ ముందు పెడితే వేలు పెట్టి చదివేసేవాడు. కంపెనీ స్టార్టర్లు మా వైపుకు రాకముందే, ఒక పాత బటన్ల సెల్లును విప్పి, మిస్డ్ కాల్ ఇస్తే బాయి కాడి మోటారు నడిచే ఏర్పాటు తయారుచేశాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. రైతులు దండం పెట్టారు. ఆయన మాత్రం దాన్ని ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడు. "బాయిల నీళ్లున్నయా లేవా గీ సెల్లుకు తెల్వది. అది నువ్వే చూసుకోవాలె. తెల్వనిదాని చేతుల మోటార్ వెట్టి నువ్వు పండుకుంటే, కాలేది నీ మోటారే."

నేను ఏది తెచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవాడు. కరెంటు పోతే ఏమైతది? కింద పడితే ఏమైతది? ఖరాబైతే ఎవడు ఇప్పుతడు? మొదటి రెండింటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. మూడోదాని దగ్గర దొరికిపోయేవాణ్ణి. "కంపెనోళ్లు ఇప్పుతరు" అంటే, "కంపెనీ ఎల్లారెడ్డిల ఉన్నదా?" అనేవాడు.

మా ముఠా సంగతి కూడా చెప్పాలి. కామారెడ్డి రైల్వే స్టేషను దగ్గరి చాయ్ హోటల్లో సాయంత్రాలు ఐదారుగురం చేరేవాళ్లం. అందరం సెల్లుల పిచ్చోళ్లమే. ఒకడి దాంట్లో కెమెరా ఎక్కువ, ఇంకొకడి దాంట్లో మెమరీ ఎక్కువ. కులం అడిగినట్టు "నీది ఏ వర్షన్?" అని అడిగేవాళ్లం. పాత వర్షన్ వాడి మాటకు మా దగ్గర విలువ లేదు. ఆ సెల్లులతో మేము చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, సెల్లుల గురించి మాట్లాడుకోవడం. ఇంటి నుంచి అత్యవసరంగా ఫోనొస్తే ఎత్తడానికి బ్యాటరీ ఉండేది కాదు. ఈ సంగతంతా ఉస్తాద్‌కు గొప్పగా చెప్తే ఆయన కాసేపు విని, "కొడవలి కొన్నోడు కోతకు పోతడు. మీరేంది, ఒకని కొడవలి ఒకడు చూసుకుంట గట్టు మీదనే కూసుంటిరి" అన్నాడు. ఆ రోజు నవ్వేశాను. ఇప్పటికీ అంత సరిగ్గా మమ్మల్ని ఎవరూ తిట్టలేదు.

ఒకసారి బీడీలు చుట్టే ఒకామె వచ్చింది. పెనిమిటి దుబాయి నుంచి టచ్ ఫోను పంపాడట. కాల్ వస్తుంది, మోగుతుంది, ఎత్తుదామని వేలితో ఎంత రాసినా అది కదలదు. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల కొసలు అరిగి గట్టిపడిపోయాయి. "నా వేళ్లకే తెలివి లేదు ఉస్తాద్. పాపం ఆయన అక్కడ ఫోన్ జేసి జేసి పరేషాన్ అయితుండు" అంది తప్పు చేసినదానిలా.

ఉస్తాద్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ వేళ్లకు గాదమ్మా, దీనికి లేదు తెలివి. పనిజేసే వేలిని గుర్తువట్టని సెల్లు ఎవని కోసం జేసిండ్రు? మావోని కోసం జేసిండ్రు" అని నావైపు చూపించాడు. బీరువా కింది నుంచి ఒక బటన్ల సెల్లు తీసి, ఆమె సిమ్ అందులో వేసి ఇచ్చాడు. అక్కడే కూర్చుని ఆమె పెనిమిటితో మాట్లాడింది. ఆ రోజు సాయంత్రం నేను ఈ సంగతిని ముఠాలో ఆయన గొంతుతో చేసి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ నవ్వు రుచి తగిలింది అక్కడే.

ఆయన అసలు చదువంతా టేప్ రికార్డర్ల దగ్గర. ఒకప్పుడు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపేవాళ్లు. ఆ టేపు తెగితే ఈయన దగ్గరికి తెచ్చేవాళ్లు. అతుకు కూడా తెలియకుండా అతికించేవాడు. క్యాసెట్టు బాగు చేశాక పరీక్షకు ఏదైనా మాట్లాడి రికార్డు చేయాలి కదా, "హలో, ఒకటి, రెండు, మూడు" అని, వెంటనే చెరిపేసేవాడు. ఒకసారి ఎందుకు చెరపడం అని అడిగాను. "మంది ఇంట్ల నా గొంతు ఎందుకు?" అన్నాడు. ఊళ్లో వాళ్ల గొంతులన్నీ కాపాడిన మనిషి తన గొంతు ఎక్కడా ఉంచుకోలేదు. ఇది నాకు అప్పుడు పెద్ద విషయంగా అనిపించలేదు.

నవ్వో, కేకో, కుక్క అరుపో, మాట మీద పడ్డాక దాన్ని విడదీయడం కుదరదని కూడా ఆయనే చెప్పాడు. "పాలల్ల నీళ్లు కలిసినంక ఏ ఉస్తాద్ ఏం జేస్తడు? అసలుది పైలంగ దాచుకోవాలె. అసలుది ఉంటే ఎన్నన్న జెయ్యొచ్చు" అనేవాడు. సెల్లు స్పీకరు బాగు చేసినప్పుడల్లా పాట పెట్టి, వెనక ఉన్న చిల్లుల మీద బొటనవేలు మూసి, తెరిచి, మూసి, తెరిచి వినేవాడు. "గిదే నా వాల్యూమ్ బటన్, దీనికి కరెంటు గుడ అక్కర్లే" అనేవాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి ఎదురుగా కూర్చునే ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే మనిషి, "ముసలోడైండు గని ఆటలు పోలే" అని తిట్టేది. ఆయన ఇంకా రెండుసార్లు మూసి తెరిచి ఆమెకు వినిపించేవాడు.

ఇక ఆ ఆదివారం.

ఆ వారం నా చేతికి ఒక ఖరీదైన కొత్త సెల్లు వచ్చింది. వీపు ఊడదు, బ్యాటరీ తీయరాదు. ఉస్తాద్ ఏమంటాడో నాకు ముందే తెలుసు. తెలిసే తీసుకెళ్లాను. దుకాణంలో ఒక రైతు తన సెల్లు బాగు చేయించుకుంటూ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉస్తాద్ కొత్త సెల్లును అటు తిప్పి ఇటు తిప్పి గోటితో గీకి చూశాడు. ఇక మొదలుపెట్టాడు.

"ఈపు కుట్టేసిండ్రు సూడు! అరె, మార్కెట్ల వడ్ల సంచి గుడ ఇప్పి, పిడికెడు తీసి చూసినంకనే కొంటం గదనే. కుట్టేసి అమ్ముతవా నువ్వు? లోపటేమున్నదో నేను చూడొద్దా?"

నేను నా పాత సెల్లు తీసి రికార్డు నొక్కాను. అప్పుడే ఆ కొత్త సెల్లు తెర మీద అప్‌డేట్ చేసుకోమని అడిగింది. అదేమిటో నేను చదివి చెప్పాను. ఆయన నోట అది అబ్డేటు అయింది.

"అబ్డేటు అంటే ఏంది? నేను పండుకున్నప్పుడు వాడెవడో నా ఇంట్లకొచ్చి పొయ్యి ఒక దిక్కు, బాయి ఒక దిక్కు జరిపి పోవుడు. పొద్దుగాల లేచి బొక్కెన వట్టుకోని పోతే ఆడ బాయి లేదు! అడిగితే, కొత్తగ జేసినం, మంచిగుంటది అంటడు. నా ఇంట్ల బాయి యాడుండాల్నో నాకెరికా, వానికెరికా?"

ఆ రోజు నవ్వొచ్చింది. ఇప్పుడు చదివి చూడండి, అందులో నవ్వాల్సిన మాట ఒక్కటైనా ఉందా? ఆ తర్వాత నా దుకాణానికి ఎంతమంది వచ్చి "అన్నా, అప్‌డేట్ కొట్టినంక నా సెల్లు నడుస్తలేదు" అని మొత్తుకున్నారో నాకు తెలుసు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. పలకడంలో ఒక అక్షరం తప్పు. మాకు అది చాలింది.

చివర్లో స్టూలు మీది రైతు నన్ను గమనించి ఉస్తాద్‌కు ఏదో చెప్పాడు. ఉస్తాద్ కళ్లద్దాల పైనుంచి నావైపు చూసి, రెండు మాటలు అన్నాడు. నేను నొక్కి ఆపేశాను.

ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. మాట మాటకూ మధ్య నవ్వులు పెట్టాను. వెనక బ్యాండు మేళం పెట్టాను. ఏ మాట దగ్గర చిన్న నవ్వు, ఏ మాట దగ్గర పెద్ద నవ్వు, శ్రద్ధగా, ఇష్టంగా చేశాను. చివరికి వచ్చేసరికి ఆగాను. ఆ రైతు మాట, ఉస్తాద్ అన్న రెండు మాటలు వింటే, తీసింది దారిన పోయేవాడు కాదని తెలిసిపోతుంది. వాటి మీద అన్నిటికంటే పొడుగు నవ్వు పెట్టాను. పెదవులు కదులుతాయి, మాట వినబడదు. పైన "అబ్డేటు తాత" అని పేరు రాసి గ్రూపులో వదిలాను. ఎవరు తీశారంటే, ఎవరో పంపారన్నాను. వారం తిరక్కుండా అది ఊళ్లు దాటింది. ఆ ఎండాకాలమే నేను సెల్లు మార్చాను. అసలు వీడియో పాత సెల్లుతోపాటు పోయింది. అసలుది పైలంగా దాచుకోమన్న మనిషి శిష్యరికం నాది!

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. బైకుల మీద పిల్లగాళ్లు వచ్చి దుకాణం ముందు ఆగి, "తాతా, ఒక్కసారి అబ్డేటు అనవా" అని సెల్లులు పైకెత్తేవాళ్లు. మొదట్లో పాపం ఆయన నిజంగానే అడుగుతున్నారనుకుని వివరంగా చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. గిరాకీకి వచ్చినవాళ్లు కూడా సెల్లు చేతికిస్తూ ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆయనకు ఎవరో చూపించారు. ఆ వీడియోను ఇంట్లో పెద్దమ్మకు చూపించవద్దని మాత్రం అందరినీ కోరాడట.

నన్ను ఒక్కసారే అడిగాడు. టంకం వేస్తూ, తల ఎత్తకుండా. "కంప్యూటర్, అది తీసెయ్యరాదా?"

"అది ఇగ నా చేతుల లేదు ఉస్తాద్. అందరి సెల్లులల్లకు పోయింది."

ఆయన టంకం కడ్డీ స్టాండులో పెట్టాడు. "పనిముట్టంటే చేతుల ఉండాలె. చేతుల నుంచి పోయి మందికి తాకేది పనిముట్టు గాదు, ఇసిరిన రాయి" అన్నాడు. కడ్డీ మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "చాయ్ తాగుతవా?" అన్నాడు. చాయ్ చెప్పాడు. తాగాను. సిగ్గులేకుండా తాగాను.

దసరా నాటికి ఆయన మాట్లాడటం మానేశాడు. సెల్లు తీసుకుంటాడు, విప్పుతాడు, బాగు చేస్తాడు, ఇస్తాడు. మూడు ప్రశ్నలు లేవు, తిట్లు లేవు. నేను తీసుకెళ్లిన కొత్త సరుకును అటూ ఇటూ తిప్పి "మంచిగున్నది" అని తిరిగిచ్చేవాడు. ఆ "మంచిగున్నది" విన్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఒకరోజు బస్టాండు దగ్గర పెద్దమ్మ నన్ను ఆపింది. "ఇంట్ల గుడ మాట్లాడుతలేడు బిడ్డా. ఏమన్న అంటే ఊఁ అంటడు. నీకేమన్న ఎరికేనా?"

"ఏమో పెద్దమ్మ. వయసు గదా" అన్నాను.

ఆ తర్వాత నేను ఎల్లారెడ్డి వెళ్లడం తగ్గించాను, తర్వాత మానేశాను. దుకాణంలో పనెక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. 2014 వానాకాలంలో ఒక పొద్దున ఉస్తాద్ చాయ్ తాగి, దుకాణం తెరిచి, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయాడట. ఎదురుగా ఎవరిదో రేడియో సగం విప్పి ఉందట.

ఇక మా గ్రూపులో నివాళులు చూడాలి. "టెక్నాలజీని ప్రశ్నించిన మహానుభావుడు" అని ఒకడు. ఆ ఒకడే అంతకు ముందేడు బైకు మీద ఎల్లారెడ్డి దాకా వెళ్లి ఆయనతో అబ్డేటు అనిపించుకుని వచ్చినవాడు. ఆయన బొమ్మ పక్కన దీపం పెట్టి ఇంకొకడు. దానికి అందరూ బొటనవేళ్లు ఎత్తారు. చచ్చినవాడికి బొటనవేలెత్తి చూపించే తెలివి మా ముఠాకు తప్ప ఇంకెవరికి వస్తుంది? నేనేమీ రాయలేదు. రోజుల తరబడి కంప్యూటరు ముందు కూర్చుని నవ్వుల్లోంచి ఆయన గొంతును విడదీద్దామని చూశాను. దొరికిన ప్రతి సాఫ్ట్‌వేరూ వేశాను. నవ్వు తగ్గిస్తే మాట కూడా పోతుంది, మాట పెంచితే నవ్వు పెరుగుతుంది. పాలల్ల నీళ్లు.

పదకొండో దినానికి వెళ్లాను. భోజనాలయ్యాక చుట్టాలు సర్దుకుంటున్నారు. పెద్దమ్మ దుకాణంలోనే, ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుని ఉంది. నన్ను చూసి దగ్గరికి పిలిచింది. చేతిలో బటన్ల సెల్లు, చిన్న తెర. చెల్లెలి కొడుకు అందులో ఆ వీడియో ఎక్కించి ఇచ్చాడట.

"ఆయన గొంతు ఇంకేడ లేదు బిడ్డా. అన్ని డబ్బాలు ఎతికిన. క్యాసెట్లన్ని పెట్టి చూసిన. అన్ని మంది గొంతులే ఉన్నయ్. గిదొక్కటే దొరికింది" అంది. "నువ్వు గివన్ని ఎరికున్నోనివి. గీ నవ్వులు తీసెయ్యరాదా?"

"రాదు పెద్దమ్మ. చూసిన. కలిసిపోయినయ్."

"సరే తియ్. నేనే తీసుకుంటున్న" అని వీడియో పెట్టింది. సెల్లు వెనక, స్పీకరు చిల్లుల మీద, ఆమె బొటనవేలు. ఉస్తాద్ మాట్లాడుతున్నాడు, వేలు పైకి లేచి ఉంది. వడ్ల సంచి మాట అయిపోగానే వేలు పడింది. నేను పెట్టిన నవ్వు ఎక్కడో గొంతు నొక్కినట్టు గురగురమంది. వేలు లేచింది, అబ్డేటు మొదలైంది. వేలు పడింది. ఏ నవ్వు ఎక్కడొస్తుందో ఆమెకు గింజ గింజా తెలుసు. నాకంటే బాగా తెలుసు. ఎన్నిసార్లు విని ఉంటే అలా తెలుస్తుంది!

చివరి పొడుగు నవ్వు దగ్గర ఆమె వేలు తీసేసి, తెరను నా మొహం ముందుకు తెచ్చింది. "గిక్కడ ఏమో అంటడు సూడు. పెదవులు కదుల్తయ్. నాలుగొద్దుల సంది చూస్తున్న, సమజయితలేదు. నువ్వు ఎప్పుడు ఆయన దగ్గరనే ఉంటుంటివి. నీకేమన్న తెలుస్తదా ఏమన్నడో?"

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. బస్టాండు దగ్గర అన్నట్టే ఏమో పెద్దమ్మ అంటే ఆమె నమ్మేది. ఎవరూ ఎప్పటికీ అడిగేవాళ్లు కాదు. కానీ ఆ రెండు మాటలు తెలిసినవాళ్లు మిగిలింది ఎవరు? ఆ రైతు ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. ఇక నేనొక్కణ్ణే. నేను కూడా ఏమో అంటే ఉస్తాద్ ఆ మాట అననట్టే.

"గీయన నిన్ను వీడియో తీస్తుండు, పైలం అని ఆ రైతు అన్నడు పెద్దమ్మ" అన్నాను. "ఉస్తాద్ నన్ను చూసి, 'తియ్యనీ, మావోడే' అన్నడు. తీసింది నేనే. నవ్వులు పెట్టింది గుడ నేనే. ఆ మాట ఇనవడొద్దనే గక్కడ అంత నవ్వు పెట్టిన."

ఆమె నావైపు చూడలేదు. తిడుతుందనుకున్నాను, లేచి పొమ్మంటుందనుకున్నాను. ఏదైనా అంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె తెరనే చూస్తూ, "ఆయనకు ఎరికేనా నువ్వేనని?" అంది.

"ఎరికే."

"నాకు చెప్పలే" అంది, తనలో తాను అన్నట్టు. "ఒక్కనాడు గుడ చెప్పలే."

బయట ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె సెల్లును రెండు చేతుల్లోకి తీసుకుని వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఉస్తాద్ సంచి గురించి తిట్టాడు, వేలు పడింది, లేచింది. బాయి గురించి తిట్టాడు, వేలు పడింది, లేచింది. చివరి నవ్వు రాకముందే బొటనవేలు చిల్లుల మీద గట్టిగా ఆనింది. తెర మీద ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. వాటితోపాటు పెద్దమ్మ పెదవులు కదిలాయి.

"తియ్యనీ" అంది. "మావోడే."

వీడియో అయిపోయింది. ఆమె బొటనవేలు తీయలేదు.